శనివారం మా దగ్గర పిండి, ఆదివారం ఆన్‌లైన్‌లో గ్రైండర్

ఎందుకు రాయవలసి వచ్చింది

ఈ మధ్య గ్రేటర్ నోయిడాలోని ఒక మేనేజ్‌మెంట్ కళాశాలవారు నన్ను మాట్లాడమని పిలిచారు. పదవీ విరమణ చేసిన దుకాణం మేనేజరును పిలవడం వారికి కొత్త. మైకు ముందు నిలబడడం నాకు కొత్త. ప్రసంగం ముగిశాక ఒక విద్యార్థిని లేచింది. తెలుగమ్మాయే, ప్రశ్న మాత్రం హిందీలో అడిగింది. ఆన్‌లైన్‌లో ధర తక్కువ, దుకాణంలో సేవ ఎక్కువ, చివరికి గెలిచింది ధరే కదా, అని. తరగతి అంతా తల ఊపింది. అప్పటికి ఏదో సమాధానం చెప్పాను గాని అది నాకే నచ్చలేదు. సరైన సమాధానం బస్సులో ఘాజియాబాద్ చేరుతుండగా తట్టింది. అప్పుడు వినడానికి కండక్టరు తప్ప ఎవరూ లేరు.

కనుక రాస్తున్నాను. దుకాణాల్లో ఉద్యోగానికి కొత్తగా వస్తున్నవారు, మేము ధర చేతిలో ఓడిపోయిన అమాయకులమనో, కాలం మారినా మారని మూర్ఖులమనో అనుకుంటున్నారు. రెండూ పూర్తిగా నిజం కావు. నాకు ఎప్పుడు జీతం పెరిగింది, సరుకు పద్దులు ఎలా రాసేవాళ్లం అన్నవి ఇక్కడ ఉండవు. అవి ఎవరికీ పనికిరావు. ఒక్క కౌంటరు సంగతి మాత్రం చెబుతాను. అది మూతపడబోయి ఎలా నిలిచిందో, నిలవడానికి ముందు మేము ఎన్ని తెలివితక్కువ పనులు చేశామో క్రమంగా చెబుతాను.

లాలాజీ చూసిన సిమెంటు యంత్రం

గుంటూరులో వాణిజ్యశాస్త్రం చదివి ఢిల్లీ వచ్చిన నాకు, ఆర్.కె. పురం పక్క మార్కెట్‌లో గృహోపకరణాల దుకాణంలో ఉద్యోగం దొరికింది. యజమానిని అందరూ లాలాజీ అనేవారు. పంజాబీ. గొంతు పెద్దది, కోపం చిన్నది. కోయంబత్తూరు నుంచి మొదటిసారి వెట్ గ్రైండర్లు వచ్చిన రోజున ఆయన ఒకదాని చుట్టూ ప్రదక్షిణం చేసి, రాళ్లను వేలితో తట్టి, "భాయీ, ఇస్‌మే సిమెంట్ మిలాతే హై క్యా?" అని అడిగారు, సిమెంటు కలిపేదా అని. మినప్పప్పు రుబ్బుతారని చెబితే, పప్పు కోసం ఇంత ఖర్చు పెట్టే పిచ్చివాళ్లు ఎవరని ఆశ్చర్యపోయారు. చుట్టూ ఉన్న ప్రభుత్వ క్వార్టర్లలో ఆ పిచ్చివాళ్లు వందల్లో ఉన్నారని, వారిలో నేనూ ఒకడినని విన్నవించాను.

యంత్రం అమ్మాలంటే మాటలు చాలవు. అందుకే శనివారం నియమం పెట్టాం. గ్రైండర్ కొనదలచినవారు తమ ఇంట్లో నానబెట్టిన పప్పు తామే తెచ్చుకోవాలి. మా కౌంటరులో, వారి కళ్లెదుట రుబ్బి, పిండి వారి గిన్నెలోనే పెట్టి ఇస్తాం. ఇంటికి వెళ్లి ఆదివారం ఇడ్లీ తిని చూసుకుని, తర్వాత నిర్ణయించుకోవచ్చు. ప్రతి గిన్నెకూ పేరు చీటీ, ప్రతి ఒక్కరికీ టోకెను, ఒకరి పప్పుకూ ఇంకొకరి పప్పుకూ మధ్య డ్రమ్ము కడగడం, ఇవన్నీ నేను పెట్టిన పద్ధతులు. పద్ధతి లేని చోట పిండి కూడా సరిగా రాదని నా నమ్మకం.

ఆ కౌంటరు చూసుకున్నది విజయలక్ష్మి గారు. తుని దగ్గరి మనిషి. భర్త సైన్యంలో డ్రైవరు, కాపురం కంటోన్మెంటులో. చేతికి ఎంత వేగమో నోటికీ అంతే వేగం. ఒకావిడ పిండిని ముట్టుకుని చూసి మూడోసారి "ఇంకొంచెం మెత్తగా..." అనేసరికి, "ఇంకా మెత్తగా అంటే మొహానికి రాసుకోవచ్చండి, ఇడ్లీకి పనికిరాదు," అంది. ఆవిడ నవ్వి, ఆ రోజే గ్రైండర్ కొనుక్కుని వెళ్లింది. చలికాలం పిండి పులవడం లేదని ఫిర్యాదు వస్తే విజయలక్ష్మి గారిది ఒకటే సలహా: "రాత్రికి పిల్లలతో పాటు పిండికీ ఒక రజాయి కప్పండి."

బయటివారికి ఆ కౌంటరు యంత్రాలు అమ్మే చోటు. నిజానికి అక్కడ మేము చేసిన పనిలో సగం వద్దని చెప్పడమే. ఇద్దరే ఉన్న ఇంటికి పెద్ద గ్రైండర్ వద్దు. బదిలీ దగ్గరలో ఉంటే బరువైనది వద్దు. ఇంట్లో మిక్సీ బాగానే నడుస్తుంటే అసలు ఏదీ వద్దు. ఇలా చెప్పినందుకు లాలాజీ ఎన్నడూ నన్ను మందలించలేదు. చిన్న యంత్రం కొన్నవాడు పెద్ద కుటుంబాన్ని పంపిస్తాడని ఆయన లెక్క. చాలా ఏళ్లు ఆ లెక్క తప్పలేదు.

జేబులోంచి వచ్చిన పోటీ

ఒక శనివారం సత్యనారాయణ గారు భార్య శారద గారితో, కూతురు నిఖితతో వచ్చారు. ఏదో మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఎదుటి సెక్టారులోనే క్వార్టరు. నిదానమైన మనిషి. అన్ని గ్రైండర్లూ చూశారు, అన్ని ప్రశ్నలూ అడిగారు, రుబ్బించారు, పిండి నీళ్లలో తేలుతుందో లేదో కూడా చూశారు. అంతా అయ్యాక నిఖిత ఫోన్ చూస్తూ, "పాపా, యే తో ఆన్‌లైన్ మే కాఫీ సస్తా హై," అంది. అక్కడ చాలా చవక అని, చాటుగా కాదు, మామూలుగానే అంది. సత్యనారాయణ గారి చెవులు ఎర్రబడ్డాయి.

"మళ్లీ వారం వస్తామండీ మేనేజర్ గారూ," అన్నారు పిండి గిన్నె చేతికి తీసుకుంటూ.

వారు వీధి దాటకముందే విజయలక్ష్మి గారు డ్రమ్ము కడగడం మొదలుపెట్టింది. "ఇక రారండి. కొనేవాళ్లు వస్తామనరు, ఆటో మాట్లాడండి అంటారు."

ఆ తర్వాత ఇది అలవాటైంది. ఆటో మాట్లాడమనేవారు తగ్గారు. మళ్లీ వారం వస్తామనేవారు పెరిగారు. శనివారం కౌంటరు దగ్గర నిలబడడానికి చోటు ఉండేది కాదు, సోమవారం బిల్లు పుస్తకం దగ్గర ఈగలు. అదే సమయంలో లాలాజీ కుమారుడు నితిన్ చదువు ముగించుకుని దుకాణంలోకి వచ్చాడు. తెలివైనవాడు, మర్యాదస్తుడు, నన్ను అంకుల్ అనేవాడు. మూడు శనివారాలు గమనించి, "అంకుల్, హమ్ కిసీ ఔర్ కా షోరూమ్ చలా రహే హై, వో భీ ఫ్రీ మే," అన్నాడు. వేరెవరి దుకాణాన్నో మేము ఉచితంగా నడుపుతున్నామని.

ఆ కౌంటరున్న ముందు భాగాన్ని అద్దెకు అడుగుతూ మొబైల్ కవర్ల వ్యాపారి ఒకడు రోజూ వచ్చేవాడు. తండ్రీ కొడుకులు మాట్లాడుకుని ఒక గడువు పెట్టారు: హోలీ దాకా చూస్తారు. కౌంటరు తన ఖర్చు తాను రాబట్టుకోలేకపోతే తీసేస్తారు. కౌంటరు పోతే విజయలక్ష్మి గారి ఉద్యోగమూ పోతుంది. ఆ ఏడాదే ఆమె భర్త సైన్యం నుంచి బయటికి రాబోతున్నాడు, పెద్దమ్మాయి నర్సింగు చదువు మధ్యలో ఉంది. నేను విషయం చెప్పినప్పుడు ఆమె హాస్యమాడలేదు.

"ముందే చెప్పినందుకు మంచిదండి. ఆఖరి రోజున మాత్రం మిఠాయి డబ్బా చేతిలో పెట్టి పంపకండి. ఇంకో పని చూసుకోవడానికి నాకు టైము కావాలి."

మా తెలివితేటలు

హోలీలోగా మేము చేసిన ప్రయత్నాలను కొత్తవారు శ్రద్ధగా చదవాలి. ఇవే ప్రయత్నాలు నేటికీ ఢిల్లీ బజార్లలో ప్రతి వీధిలోనూ జరుగుతున్నాయి.

ముందు ధర తగ్గించాం. ఆన్‌లైన్‌లో ఎంతో మా దగ్గరా అంతే. తగ్గించిన మేర ఎక్కడో కోత పడాలి కదా. ఇంటికి వెళ్లి యంత్రం అమర్చి, మొదటిసారి నడిపి చూపే పనిని ఆపేశాం. మాటా మంతీ లేకుండా ఆపేశాం. కొన్నవారు నాలుగో రోజున ఫోన్ చేసి, "మీవాళ్లు ఇంకా రాలేదేమండీ?" అనేవారు. తక్కువ ధరకు సంతోషించినవారు ఒక్కరూ లేరు, మనిషి రాలేదని కోపగించినవారు అందరూ. ధరలో మేము వారితో సమానమయ్యాం, సేవలో కూడా వారితో సమానమయ్యాం. అప్పుడిక మా మెట్లెక్కి రావడం దేనికి?

తర్వాత నితిన్ యంత్రాల మీద మోడల్ పేర్లు కనబడకుండా చీటీలు అంటించమన్నాడు. పేరు తెలియకపోతే ఫోన్‌లో వెతకలేరని అతని ఊహ. క్రమమంటే ఇష్టమున్న నేను, ఎ-1, ఎ-2 అంటూ చక్కగా సంఖ్యలు వేశాను. మొదటి శనివారమే ఒక కుర్రకారు గుంపు గ్రైండర్‌ను ఫోటో తీసి, ఆ ఫోటోతోనే పేరు, ధర, ఎప్పటికి ఇంటికి చేరుతుందో కూడా మాకు చదివి వినిపించారు. మా చీటీలు మోసగించింది మమ్మల్నే. పాత కొనుగోలుదారు గ్రైండర్ బెల్టు కావాలని వస్తే, ఎ-2 అంటే ఏ కంపెనీదో గుర్తురాక వేరేది ఇచ్చి పంపాం. ఆయన మర్నాడు తిరిగొచ్చి, మా దుకాణంలో మాకే తెలియని వస్తువులున్నాయని లాలాజీ ఎదుటే అభినందించి వెళ్లారు.

ఆ చిరాకులో బోర్డు పెట్టాం. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువులకు ఇక్కడ ఏ విధమైన సహాయమూ లభించదు. హిందీ, ఇంగ్లీషు, తెలుగు, మూడు భాషల్లోనూ వాక్యం దిద్దింది నేనే. బోర్డు చాలా బాగుందని పక్క దుకాణాలవాళ్లు నకలు రాయించుకున్నారు.

చివరికి రుసుము. రుబ్బి చూపడానికి కొంత తీసుకుంటాం, గ్రైండర్ కొంటే ఆ మొత్తం బిల్లులో తగ్గిస్తాం. ఊరికే చూసిపోయేవారు తగ్గుతారని, నిజంగా కొనేవారే మిగులుతారని అనుకున్నాం. మరుసటి శనివారం వరుస వీధి మలుపు దాకా ఉంది! దగ్గరలోని మునిర్కాలో గదులు తీసుకుని పోటీ పరీక్షలకు చదువుతున్న మన కుర్రాళ్లు బక్కెట్టుతో పప్పు తెచ్చారు.

"గ్రైండర్ చూడ్డానికి వచ్చారా?" అన్నాను కాస్త గట్టిగానే.

"లేదంకుల్, దోసెల పిండికి. ప్యాకెట్టు కంటే మీ దగ్గరే సస్తా!"

"ఇది దుకాణమయ్యా, మిల్లు కాదు."

"రుబ్బడానికి ఇంత అని బోర్డు మీద ఉంది కదంకుల్."

విజయలక్ష్మి గారు వెనక నుంచి, "జనం లేరని ఏడ్చింది మనమే కదండీ," అంది. నితిన్ మాత్రం నవ్వలేదు. ఆ రుసుముతో సబ్బు, నీళ్లు, కరెంటు గడిచేవి. జీతం గడిచేది కాదు. హోలీ దగ్గర పడుతోంది.

ఆటోలో కూర్చున్న పెద్దమనిషి

హోలీకి ముందు శనివారం లాలాజీ స్వయంగా వచ్చి గల్లా దగ్గర కూర్చున్నారు. పక్కన నితిన్. మొబైల్ కవర్ల వ్యాపారి టేపుతో కౌంటరు వెడల్పు కొలిచి వెళ్లాడు. విజయలక్ష్మి గారు అతన్ని చూడనట్టే పని చేసుకుంటూ, ఉన్నట్టుండి నన్ను పిలిచింది.

"సార్, ఆ అవతల ఆటోలో మన సత్యనారాయణ గారు. ఒళ్లో గ్రైండర్ పెట్టుకుని దిగకుండా అలాగే కూర్చున్నారు. పెళ్లికూతుర్ని దింపినట్టు ఎవరైనా వెళ్లి దింపాలేమో!"

వెళ్లాను. ఆయన నన్ను చూసి ఆటోవాడితో పోనిమ్మన్నారు. ఆటోవాడు, "అరే సాబ్, అభీ తో ఆయే హో," ఇప్పుడే కదా వచ్చారు, అని కదలలేదు. అతనికి నేను నేటికీ కృతజ్ఞుడిని.

"దిగండి సత్యనారాయణ గారూ. ఏమైంది?"

"మీ బోర్డు చదివానండీ." ఆయన గొంతు తగ్గించారు. "దీపావళికి తెప్పించాం, ఆన్‌లైన్‌లో. మొదటి రోజే పిండిలో ఇసుక, ఇడ్లీ కరకరలాడింది. రెండో రోజు కాలిన వాసన. వాళ్లకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది, మనిషి పలకడు. మీ దగ్గరికి రావడానికి మొహం చెల్లలేదు. అప్పటినుంచి ఈ రోడ్డున రావడమే మానేసి, వెనక సందులోంచి మెట్రోకి వెళ్తున్నాను."

"దీపావళి నుంచా?"

"మరి! ఇవాళ శారద తరిమింది. కొన్నది మీరైతే మిక్సీలో రుబ్బి చచ్చేది నేనా, అని."

గ్రైండర్‌ను గుమ్మం దాకా తెచ్చాం. అక్కడ నా బోర్డు, మూడు భాషల్లో, తప్పులు లేకుండా, మమ్మల్నే చూస్తోంది. నితిన్ దానివైపు వేలు చూపాడు. అతనిది తప్పు కాదు. నియమం నియమమే, పైగా నేను రాసిన నియమం. అయినా సత్యనారాయణ గారికి ధర చెప్పాను. విప్పి చూడడానికి ఇంత, బెల్టు మారిస్తే ఇంత, వాడకం నేర్పడానికి ఇంత. ఉచితం మాత్రం కాదు.

ఆయన మొహం విప్పారింది. "అబ్బ, అంతేనా! డబ్బు తీసుకోండి సార్. మాట మాత్రం అనకండి."

విజయలక్ష్మి గారు డ్రమ్ము పైకెత్తి, అడుగున చెయ్యి పెట్టి, నల్లగా మాడిన థర్మోకోలు ముక్కను బయటికి లాగింది. దారిలో డ్రమ్ము కదలకుండా పెట్టిన ముక్క అది, తీయకుండానే నడిపారు.

"పప్పుతో పాటు దీన్నీ రుబ్బేద్దామనుకున్నారా సార్?"

"నాకేం తెలుసమ్మా, ఇంట్లో అమర్చిందెవరు?"

"పోనీ రాళ్లు కడిగేటప్పుడు గుప్పెడు బియ్యం వేసి తిప్పి పారబోశారా? లేదూ? అందుకే ఇసుక తిన్నారు."

బెల్టు మార్చి, బియ్యం వేసి తిప్పి, మళ్లీ కడిగి చూపింది. సత్యనారాయణ గారు డబ్బు ఇస్తూ, కాస్త తటపటాయించి అన్నారు: "మా బ్లాకులో ఇంకా ఐదారు ఇళ్లున్నాయండీ, నాలాగే మీకు మొహం చాటేసినవాళ్లు. పంపించమంటారా?"

లాలాజీకి తెలుగు రాదు. ఏమంటున్నాడని నన్నడిగారు. అనువదించాను. ఆయన ఒక్కసారి నావైపు, ఒక్కసారి బోర్డువైపు చూసి, "శరమ్ సే నహీ ఆ రహే థే?" అని, దుకాణం దద్దరిల్లేలా నవ్వారు. సిగ్గుపడి రాలేదట! "నితిన్, బోర్డ్ ఉతారో!"

బోర్డు దిగింది. దాని చోట, ఎక్కడ కొన్నా సరే ఇక్కడ చూస్తామని, ఏ పనికి ఎంతో స్పష్టంగా రాసిన బోర్డు ఎక్కింది. హోలీ వెళ్లింది, గడువును లాలాజీ గాని నితిన్ గాని మళ్లీ ఎత్తలేదు. అయితే కౌంటరు మునుపటిలా కూడా ఉండలేదు. ముందు భాగంలో సగం మొబైల్ కవర్లవాడికే ఇచ్చారు. నేను నొచ్చుకుంటుంటే విజయలక్ష్మి గారు, "సగం చాలండీ, నేనిక్కడ కోలాటమాడాలా ఏంటి?" అని గ్రైండర్లు పక్కకు జరుపుకుంది. విప్పడం, అమర్చడం, అరిగిన రాళ్లకు గంట్లు పెట్టించడం, బదిలీ అయినవారి యంత్రాలను ప్యాక్ చేయడం, వీటి రుసుములతోనే ఆమె జీతం గడిచింది. రుబ్బే రుసుమూ ఉంచాం. ముందు మూతి ముడిచిన నితినే, తర్వాత పోటీ పరీక్షల కుర్రాళ్లకు బుధవారం కూడా తెరుద్దామన్నాడు.

నా అభిప్రాయం

సేవ ఎన్నడూ ఉచితం కాదు. మేము దాన్ని వస్తువు ధరలో కలిపి, ఎవరికీ చెప్పకుండా అమ్ముతూ వచ్చాం. ఆ ధరలో విజయలక్ష్మి గారి జీతం ఉందని, అమర్చడానికి వెళ్లే మనిషి బస్సు చార్జీ ఉందని కొనుగోలుదారుకు మేమెన్నడూ చెప్పలేదు. చెప్పని సంగతి అతనికి తెలియాలని ఆశించి, తెలియనందుకు అతన్ని దొంగలా చూశాం. విడదీసి చెప్పిన రోజున బేరమాడినవారు తక్కువ.

అలాగని ఈ ఉపాయం అందరినీ కాపాడుతుందని ప్రచారం చేయలేను. మా దుకాణంలోనే ఇస్త్రీ పెట్టెల అర, కెటిల్ల అర పూర్తిగా ఖాళీ అయ్యాయి. కెటిల్ కొనడానికి ఎవరి సలహా అక్కరలేదు. అక్కడ మేము చేసినది సేవ కాదు, కబుర్లు. గ్రైండర్ల అమ్మకం కూడా పూర్వపు స్థాయికి రాలేదు. మా వరుసలో చెప్పుల దుకాణం ఒకటి ఉండేది. యజమాని ప్రతి పాదాన్నీ రెండు వైపులా కొలిచి, నడిపించి చూసి గాని అమ్మేవాడు కాదు. కొలిపించుకుని వెళ్లి ఆ కొలతకు ఆన్‌లైన్‌లో కొనుక్కునేవారు. కొలతకు రుసుము పెట్టమని నేనే సలహా ఇచ్చాను. పాదం కొలవడానికి డబ్బులా అని జనం నవ్వారు. అతను దుకాణం మూసేశాడు. అతనికి నేను ఏం చెప్పి ఉండవలసిందో నేటికీ నాకు తెలియదు. ధర తగ్గినందుకు మనమంతా లాభపడ్డామనేవారు ఆ ఖాళీ దుకాణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పగలను. వేరే చోట కొన్నవాడు శత్రువు కాదు. చాలాసార్లు అతను మొహమాటంతో దూరంగా తిరుగుతున్న పాత పరిచయస్తుడు. అతన్ని నిందించి మీరు సంపాదించేది ఏమీ లేదు. ఈ వృత్తిలోకి వచ్చేవారు ముందు ఆ నిగ్రహం నేర్చుకోవాలి, ధరల పట్టిక తర్వాత.

నేను విరమించుకున్న నాటికి కౌంటరు నడుస్తూనే ఉంది. విజయలక్ష్మి గారు అక్కడే ఉంది. పెద్దమ్మాయి చదువు ముగిసి ఆసుపత్రిలో చేరింది.

నేను జీవితమంతా కౌంటరుకు ఒకే వైపు నిలబడ్డాను, కనుక ఇందులో పొరపాట్లు తప్పక ఉంటాయి. ఇటు చూసి అటు కొన్నవారు, ఆ పెట్టెలను గిడ్డంగుల్లో సర్దేవారు, మెట్లెక్కి గుమ్మాల్లో దించి వెళ్లేవారు, దుకాణాలు మూసుకున్నవారు ఇది చదివితే, నా లెక్క ఎక్కడ తప్పిందో, ఎవరి పట్ల అన్యాయంగా మాట్లాడానో దయచేసి చెప్పండి. పెద్దవాడిని నొప్పించడమెందుకని ఊరుకోవద్దు. మొహమాటపడి ఇద్దరూ దూరంగా ఉండిపోతే ఎవరి పిండిలో ఇసుక పడుతుందో పైన రాశాను.